కొత్తగూడ హద్దు రాయి

1998 మార్చిలో నన్ను భూ కొలతల శాఖ నుంచి ఒక అభివృద్ధి సంస్థకు డిప్యుటేషన్ మీద పంపారు. హోదా సర్వే ఇన్‌స్పెక్టర్. పని ఒక్కటే: కొత్తగూడ చౌరస్తా పక్కన మూడేళ్లుగా ఆగిపోయిన వాణిజ్య కేంద్రం దస్త్రాన్ని కదిలించడం. దుకాణాలు, కూరగాయల మార్కెట్, బస్సులు ఆగే చోటు, పోస్టాఫీసు అన్నీ ఒకే ఆవరణలో రావాలన్నది ప్రణాళిక. అక్కడ నాకు కనిపించింది మాత్రం వాననీళ్లు నిలిచిన పునాది గుంట, తుప్పుపట్టిన చువ్వలు, గుంటలో ఈదుతున్న ఎవరివో బాతులు. అటు మాదాపూర్ వైపు అద్దాల మేడలు నెలకో అంతస్తు పెరుగుతుంటే ఇటు మా గుంటలో బాతులు పెరుగుతున్నాయని ఊళ్లోవాళ్లు నా మొహమ్మీదే ఎగతాళి చేసేవారు.

పని ఆపింది ఇద్దరు అన్నదమ్ముల తగాదా. అన్న మల్లయ్యకు అరవై దాటాయి, తమ్ముడు యాదయ్యకు యాభై. పక్కపక్కనే ఉన్న వాళ్ల భూములు రెండూ కేంద్రం కోసం సేకరిస్తున్నవే, పరిహారం ఇంకా ఇవ్వలేదు. సేకరణ పత్రాల్లో యాదయ్య బావి మల్లయ్య విస్తీర్ణంలో చూపించారు. బావి హద్దు రాయికి తన వైపే ఉందని, అన్న అధికారులను మంచి చేసుకుని దాన్ని తన పేర రాయించుకున్నాడని యాదయ్య కోర్టుకెళ్లి యథాతథ స్థితి ఉత్తర్వు తెచ్చుకున్నాడు. అంటే తీర్పు వచ్చేదాకా ఎవరూ గడ్డపార వేయకూడదు. విచిత్రమేమిటంటే, మల్లయ్య ఒక్క వాయిదాకూ వెళ్లలేదు, జవాబూ దాఖలు చేయలేదు. తప్పు చేశాడు కనుకే నోరు మెదపడం లేదని ఊరంతా అనుకుంది. కాగితాలు చదివి నేనూ అలాగే అనుకున్నాను.

వానల్లోపు తేలకపోతే కేంద్రాన్ని నార్సింగి వైపు మారుస్తామని పైవాళ్లు నాకు గడువు పెట్టారు. అదే జరిగితే దుకాణాల మీద ఆశ పెట్టుకున్న ఊరికి మిగిలేది ఆ గుంటే. అన్నదమ్ములిద్దరికీ అటు సేద్యానికీ ఇటు అమ్మకానికీ పనికిరాని నేల మిగులుతుంది, వాళ్ల మధ్య పగ అలాగే ఉండిపోతుంది.

మే నెలలో కోర్టు అనుమతితో తిరిగి కొలవడానికి రోజు ఖరారు చేశాను. మా పనికి ఆధారం టిప్పన్, అంటే నిజాం కాలంలో ప్రతి సర్వే నంబరుకూ కొలతలతో గీసిన పటం. కొలిచేది ముప్పై మూడు అడుగుల గొలుసుతో. దాన్ని పదహారు అణాలుగా లెక్కిస్తాం, ఇక్కడ అణా అంటే రెండడుగుల పైచిలుకు పొడవు. గొలుసు పట్టడానికి ఇద్దరు కావాలి. ముందువాడు లాక్కుంటూ వెళ్తాడు. వెనకవాడు గురి చూసి, ఎడమకో కుడికో జరగమని కేకేస్తాడు. గొలుసు బిగిశాక ముందువాడు నేలలో ఒక ఇనుప బాణం గుచ్చుతాడు, వెనకవాడు దాన్ని పీకి తెచ్చుకుంటాడు. పది బాణాలు అయ్యాక వెనకవాడు ముందుకు వెళ్లి, వాటిని లెక్కపెట్టి ముందువాడి చేతికివ్వాలి. మాట, చెయ్యి కలవకుండా గొలుసు సాగదు.

ఆ రోజు నా గొలుసు మనుషులిద్దరూ ఒకే పెళ్లికి వెళ్లి రాలేదు. పని వాయిదా వేస్తే మళ్లీ కోర్టు తేదీ దొరికేసరికి వానలు వస్తాయి. నాకు చిరాకెత్తింది. కక్షిదారులు గొలుసు ముట్టుకోకూడదన్నది నియమం. అయినా, ప్రతి కొలతా నేనే సరిచూసుకుంటానని సాక్షులుగా వచ్చిన పంచుల సమక్షంలో రాసి, యాదయ్యను ముందు, మల్లయ్యను వెనక నిలబెట్టాను. అది తెలివైన ఆలోచన అని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, అప్పుడు మాత్రం ఒళ్లు మండి చేసిన పని.

మొదటి రెండు గొలుసులూ నా ద్వారానే నడిచాయి. "సారు, జర ఎడమకు జరగమను ఆయనను" అని మల్లయ్య నాతో అనేవాడు. గొలుసు అవతలి కొసన ఉన్న తమ్ముడు వినపడనట్టు నిలబడేవాడు. అదే మాట నేను మళ్లీ నా కడప యాసలో అరిచేవాణ్ణి. నా గొంతు పోయింది. మీరూ మీరూ అరుచుకోండని చెప్పి పుస్తకం తెరిచాను.

మూడో గొలుసు దగ్గర యాదయ్య గురి తప్పి ఎడమకు పోయాడు. తరువాత వెనక నుంచి, "ఓ యాదీ, కుడికి రా" అని వినిపించింది. తమ్ముడు జరిగాడు. ఐదో గొలుసుకు "గట్టిగ లాగు, నడుమ సాగిలవడ్డది" అన్నాడు అన్న. "లాగుతున్న గదా" అన్నాడు తమ్ముడు విసుగ్గా. మూడేళ్ల తరువాత వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. పదో గొలుసు దగ్గర మల్లయ్య ఆయాసపడుతూ ముందుకొచ్చి, బాణాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి తమ్ముడి చేతిలో పెట్టాడు. యాదయ్య అన్న చేతుల్లోకి చూశాడు, ముఖంలోకి చూడలేదు. నాకు ఆ ఇద్దరి మీదా జాలి వేసింది.

టిప్పన్ ప్రకారం, యాదయ్య వైపు అంచు నుంచి కొలిస్తే హద్దు పద్నాలుగు గొలుసుల ఆరు అణాల దగ్గర రావాలి. వచ్చింది. కానీ ఆ చోటు బావికి ఇవతల పడింది. రాయి చూస్తే బావికి అవతల, పన్నెండు అణాల దూరంలో ఉంది, అంటే దాదాపు పాతిక అడుగులు. కొలత పడిన చోట తవ్వించాను. ఒకటిన్నర అడుగు లోతులో పాత రాయి కూర్చున్న గుంత, చుట్టూ దట్టించిన కంకర బయటపడ్డాయి. కాగితం తప్పు కాదు. రాయినే ఎవరో జరిపారు, అదీ మల్లయ్య భూమిలోకి.

యాదయ్య గుంతనూ రాయినీ మార్చి మార్చి చూశాడు. "గిదేంది? రాయి గటు జరిపితే నష్టం నీకు గదనే?" అన్నాడు. సూటిగా అన్నను అడగడం అదే మొదటిసారి.

మల్లయ్య బావి గట్టు మీద కూర్చున్నాడు. "నీ దిక్కు రెండు జాగల తవ్వినం. నీళ్లు పడలే. నా దిక్కు పడ్డయి. బాయి నీది, భూమి నాది అంటే రేపు మన పిల్లలు కొట్టుకుంటరు. నువ్వు మరదలిని తీసుకొని దవాఖానల ఉన్నప్పుడే బాయి తవ్విచ్చి, రాయి జరిపిన" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఇచ్చినట్టెట్లయితదిరా? ఎత్తిపొడిచినట్టయితది. ఇగ కోర్టుల చెప్తే, రాయి జరిపినోడు దొంగనే గద."

యాదయ్య చేతిలోని బాణాలు కింద పెట్టి, అన్న పక్కన కూర్చున్నాడు. "నిన్ను దొంగంటి గదనే, నలుగుట్ల" అని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మల్లయ్య తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. నేను పంచులను పక్కకు తీసుకెళ్లి, అవసరం లేని కొలత ఒకటి మళ్లీ కొలిపించాను.

హద్దు రాయిని కదపడం నేరం. నేను నివేదికలో మల్లయ్య వాంగ్మూలాన్ని ఉన్నదున్నట్టు రాసి, కదలిక వల్ల నష్టపోయింది ఆయన ఒక్కడేనని కింద చేర్చాను. పైవాళ్లు చర్య అక్కర్లేదని తేల్చారు. ఆ తరువాత కొత్త తగాదా మొదలైంది. బావి ముక్క తమ్ముడిదేనని అన్న, అన్నదేనని తమ్ముడు, నాలుగు రోజులు నా ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టకుండా సతాయించారు. చివరికి ఉమ్మడి పేర రాయించి రాజీ పత్రం దాఖలు చేశాం. ఉత్తర్వు తొలగింది. తొలి వానకు ముందే గుంటలో నీళ్లు తోడేశారు. ఏడాదిన్నరకు మార్కెట్ తెరిచారు.

హద్దు తగాదాల్లో రాయి జరిగితే ఎవరికి లాభమో చూడటం మా శాఖలో అందరికీ అలవాటు. కొత్తగూడ తరువాత నా సర్వీసు మరో పదకొండేళ్లు సాగింది. రాయి జరిగిన ప్రతి కేసులోనూ ఎవరికి నష్టమో ముందు చూశాను. చాలాసార్లు లాభపడినవాడే దొంగ. మల్లయ్య లాంటివాళ్లు రెండుసార్లు దొరికారు. ఆ ఇద్దరూ కోర్టుకు రానివాళ్లే.