మంచం దగ్గర ఆఖరి మాట

కొంతకాలంగా నా ఉదయాలన్నీ కామారెడ్డిలోని ఒక ప్రైవేటు దవాఖాన మెట్ల మీదే గడుస్తున్నాయి. బీబీపేటలో ఉండే మా అక్క వాకిట్లో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. ఎముకల డాక్టరు గారు ఈపాటికి నడవాలంటారు, నడక నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి ఈమె సహకరించడం లేదంటుంది, రక్తపోటు చూసే మరో డాక్టరు గారు మాత్ర మార్చి వెళ్ళిపోతారు. ఎవరి పనిలో వారు దిట్టలే, మర్యాదస్తులే. ఒకరి మాట మరొకరికి చేరవేయడానికి మాత్రం మోకాళ్ళు అరిగిన నేను అంతస్తుకు అంతస్తు ఎక్కి దిగుతున్నాను. అడిగితే, అంతా కంప్యూటరులో ఉంటది అంకుల్, అంటారు. ఉంటుందనే నమ్ముతాను. అయినా మెట్ల మలుపులో ఆయాసం తీర్చుకునేటప్పుడల్లా మనసు ఎల్లారెడ్డి వైపు వెళ్ళిపోతుంది.

ఫార్మసీ చదువు ముగించి, మా వంశంలో తొలి పట్టభద్రుణ్ణన్న బరువును కూడా భుజాన వేసుకొని, ఎల్లారెడ్డి దగ్గరి ఒక చిన్న సర్కారు దవాఖానలో ఉద్యోగంలో చేరిన రోజులవి. మందుల కిటికీ వెనుక కూర్చోవడమే నా పని అనుకున్నాను. కానీ అక్కడి పెద్ద డాక్టరు గారికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే, బయటి రోగులను చూడకముందే, పెద్ద సిస్టరు, ల్యాబు టెక్నీషియను, వంటామె, నేను, అందరం ఆయనతోపాటు ఒక్కొక్క మంచం చుట్టూ నిలబడాలి. ఎవరి సంగతి వారు, రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆఖరి మాట రోగిది. ఆ మాట పూర్తయ్యేదాకా తరువాతి మంచం దగ్గరికి కదిలేది లేదు. కిటికీ ముందు వరుస పెరుగుతుంటే నిలబడి నిలబడి కాళ్ళు లాగేవి, విసుగూ కలిగేది.

ఆ వానాకాలం ఒక అవ్వ చేరింది. నాట్లు వేస్తుండగా అరికాలిలో గాజుపెంకు దిగింది. షుగరు ఉండటంతో ఆ పుండు మానలేదు. సిస్టరు ఎంత శ్రద్ధగా కట్టు కట్టినా చుట్టూ నలుపెక్కుతూనే వచ్చింది. ఇంకా ఆగితే ప్రాణానికే ముప్పని, పట్నం పంపి పాదం తీయించక తప్పదని డాక్టరు గారు చెప్పిన ఉదయం ఆమె ఏడవలేదు. "కాలు దీస్తె నాట్లెట్లేస్త సారూ? బురదల కర్రవట్టుకొని నిలవడుదునా?" అని మాత్రం అడిగింది. జీవితమంతా బురదలో నిలబడి బతికిన మనిషి.

అలవాటు ప్రకారం అందరం వంతులవారీగా చెప్పాము. టెక్నీషియను తల గోక్కుంటూ, "ఈ అవ్వ షుగరు జాతరల రంగులరాట్నం లెక్కుంది సారూ, ఓసారి మీదికి, ఓసారి కిందికి" అన్నాడు. ఇన్సులిను సూది రోజూ వేళకే ఇస్తున్నానన్నది సిస్టరు. మందు చల్లగానే ఉంది, చెడలేదన్నాను నేను. అన్నం వేళకే పెడుతున్నాను, పళ్ళెం ఖాళీగానే తిరిగి వస్తున్నదన్నది వంటామె. ఎవరి పనిలోనూ లోపం లేదు. డాక్టరు గారు నిట్టూర్చి, "ఇగ నువ్వు చెప్పవ్వా" అన్నారు.

"నేనేం చెప్త బిడ్డా! అన్నం ముట్టకు, జొన్నరొట్టె తినుమంటివి. నీ మాట దాటలె. కోడలు ఊర్నుంచి రొట్టె పంపుతది, ఆటో నిండితెగాని కదలది. గప్పటిదాంక కండ్లు తిరుగుతయి. నా అన్నం పక్కమంచపామెకిస్తున్న, ఆమె బెల్లంముక్క నా నోట్లేస్తున్నది."

వంటామె కొంగు దోపుకొని ముందుకు వచ్చింది. "ఓ అవ్వా, రొట్టె కొట్టరాదనుకున్నవా నాకు? ఓ మాట జెప్పొద్దా?"

"నువ్వడిగినవా?"

అందరం నవ్వాము. డాక్టరు గారు కూడా నవ్వబోయి ఆగిపోయి, పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆయన చెప్పిన రొట్టె సంగతి వంటింటికి తెలియదు; తిండి రాలేదన్న సంగతి సూదికి తెలియదు; బెల్లం సంగతి ల్యాబుకు తెలియదు. తిండి లేని సూదికి షుగరు దిగుతున్నది, బెల్లానికి ఎగురుతున్నది, పుండు మానడం లేదు. తలా ఒక మంచిపని చేస్తూ ఆ పాదాన్ని అందరం కలిసి పోగొట్టబోయాము.

పట్నం ప్రయాణం వాయిదా పడింది. ఆనాటి నుంచి వంటింట్లో రొట్టె కాలుతున్న వాసన రాగానే నేను మందు సీసా తీసుకొని లేచేవాణ్ణి. రొట్టె మంచం దాకా వచ్చిందని కళ్ళారా చూశాకే సిస్టరు సూది ఎత్తేది. టెక్నీషియను కూడా ఆ వేళను బట్టే రక్తం తీసేవాడు. చిటికెన వేలు దక్కలేదు, పాదం దక్కింది. ఇంటికి వెళ్ళేనాడు ఆమె తన కాళ్ళతోనే ఆటో దాకా నడిచి, "నీ రంగులరాట్నం ఆగింది పో కొడుకా!" అని టెక్నీషియనును ఏడిపించి మరీ ఎక్కింది.

తరువాత డాక్టరు గారికి బదిలీ అయింది. కొన్నాళ్ళు మేమే ఆ పద్ధతిని లాక్కొచ్చాము. రోగులు పెరిగారు, మనుషులు మారారు, ఎప్పుడు ఆగిపోయిందో కూడా ఎవరమూ గమనించలేదు.

ఈ సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి విసుగుతో వెళ్ళిపోయాక అక్క గోడవైపు తిరిగి పడుకున్నది. నేను స్టూలు దగ్గరికి జరుపుకొని, నీకేమనిపిస్తున్నది అక్కా, అని అడిగాను. ఇటు తిరిగింది.

"నన్నెవ్వరడిగిండ్రు తమ్మీ ఇన్నొద్దులు? గా కొత్త గోలి మింగినకాంచి లేస్తె కండ్లు తిరుగుతున్నయి. మల్ల పడ్తనేమోనని బుగులు. గందుకే కాలు కదుపుతలేను."

ఈ ఒక్క మాట ముగ్గురూ ఒక్కచోట నిలబడి వింటే చాలు, అక్క లేచి నడుస్తుంది. చుట్టూ చూశాను. గోడకు కంప్యూటరు తెర వెలుగుతున్నది, గది శుభ్రంగా ఉన్నది, మంచం దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. తెల్లవారితే ఈ మాటను మోసుకొని మళ్ళీ ఆ మెట్లన్నీ ఎక్కాలి.