మౌలాలి పేడపట్టీ

మాచర్లలో ఎద్దులకు లాడాలు కొట్టే మౌలాలికి ఈ లోకంలో సంపూర్ణ విశ్వాసం ఉన్నది పేడ మీదే. ఎవరికి దెబ్బ తగిలినా నోటినిండా లాడం మేకులు కరుచుకునే వైద్యం చెప్పి, వేడివేడి పేడ తెచ్చి తానే పట్టీ వేసేవాడు. వద్దన్నవాణ్ణి జాలిగా చూసేవాడు. ఒకనాడు తుప్పుమేకు తన అరికాల్లోనే దిగితే, మహా శ్రద్ధగా అదే వైద్యం చేసుకున్నాడు. వారం తిరిగేసరికి దవడ బిగుసుకుంది. గంజి దిగలేదు. పెదవులు పక్కలకు లాక్కుపోయాయి.

"ఏందయ్యా, నేనేడుస్తుంటే నవ్వుతుండావు?" అంది భార్య హుసేన్‌బీ.

"నవ్వు కాదమ్మా, ధనుర్వాతం. పుండు మీద ఏం పెట్టారు?" అన్నాడు చూడవచ్చిన డాక్టరు.

"పేడేనయ్యా."

"ఆ విషం అందులోదే. ఇక బతికితే గొప్ప."

మౌలాలి పేడ తరఫున వాదించబోయాడు, దవడ కదల్లేదు. సొంత తమ్ముడే వెన్నుపోటు పొడిచినట్టు, వాకిట్లో కట్టేసిన ఎద్దు వైపు చూశాడు. అది నిమ్మళంగా తోక ఎత్తి మళ్లీ పేడ వేసింది.