లైబ్రరీ మైకులో శ్లోకాలు

మా ఊళ్లో మైకులో గీతా శ్లోకాలు వినబడితే ఎవరూ చేతులు జోడించరు. "ఎవరు పోయారు?" అని అడుగుతారు. అవి గొప్పవే, కాదనను. కానీ బందరులో పుట్టి పెరిగిన నేను వాటిని శవం లేని చోట విన్నది లేదు. వైకుంఠ రథం సందు మలుపు తిరుగుతున్నప్పుడు, పోయినవాళ్ల ఇంటి ముందు షామియానా వేసి ప్లాస్టిక్ కుర్చీలు సర్దుతున్నప్పుడు వినిపించేవి అవే. ఎప్పుడైనా టీవీలో పొరపాటున వస్తే మా అమ్మ "శుభమా అని ఉన్న ఇంట్లో అదేంటే, కట్టెయ్!" అని అరిచేది.

అందుకే కిందటేడు ఆ రోజు జరిగింది నేనింకా మర్చిపోలేదు.

మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. సాయంత్రమైతే లైబ్రరీలోనే ఉండేవారు. షుగరుతో చూపు తగ్గడం మొదలయ్యాక ముందు పేపరు చదవడం పోయింది, తర్వాత లావు అక్షరాల పుస్తకాలూ పోయాయి, చివరికి లైబ్రరీకి వెళ్లడమే మానేశారు. ఆపైన గుండెకి స్టెంటు వేశారు. వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే బళ్ల చప్పుడు వింటూ కూర్చునేవారు. పుస్తకం లేనిదే అన్నం సహించని మనిషి అలా ఊరికే కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయేది, ఎవరి మీదో నాకే తెలియదు. ఇలాగే ఉంటే మనిషి మనకి దక్కడని భయంగా కూడా ఉండేది.

అలాంటి రోజుల్లో లైబ్రేరియన్ గారు ఫోన్ చేశారు.

"అమ్మా, మనకి కొత్త పుస్తకాలొచ్చాయండి. వాటితోపాటు చదివి వినిపించే పుస్తకాలూ, పాటలూ కూడా వచ్చాయి. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడమే. నాన్నగారిని ఓసారి తీసుకురండి."

నాన్నకి చెబితే నమ్మలేదు. "నవల మొత్తం చదువుతారా? మధ్యలో వదిలెయ్యకుండా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత ఇస్త్రీ చొక్కా ఎక్కడుందన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా అడిగి ఎన్నాళ్లయిందో!

మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద తీసుకెళ్లాను. అక్కడ అట్టపెట్టెలకి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి ఉంది. మిక్సీ కొన్నా బొట్టు పెట్టందే స్విచ్చి వెయ్యని వాళ్లం కదా, నాకేమీ వింతగా అనిపించలేదు. లైబ్రేరియన్ గారు నాన్నని వెనకగదిలో కూర్చోబెట్టి, చెవులు మొత్తం మూసేసే హెడ్‌ఫోన్స్ తగిలించారు. కథ మొదలవగానే నాన్న ఉలిక్కిపడ్డారు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "కామా దగ్గర కూడా ఆగుతోందే ఈ పిల్ల!" అన్నారు. నేను ఏడుస్తానేమోనని భయమేసి, చేపలు తెస్తానని చెప్పి బయటపడ్డాను.

మార్కెట్లో చేపలమ్మి కొరమీను పొలుసు గీకుతూ గీకుతూ కత్తి ఆపింది.

"ఎవరో పోయారమ్మా. లైబ్రరీ వైపు నుంచి శ్లోకాలు వినబడతన్నాయి."

పక్కన రొయ్యలు బేరమాడుతున్నాయన అందుకున్నారు. "అవునండీ. పొద్దున ఎవరో పెద్దాయన్ని స్కూటీ మీద తీసుకొచ్చార్ట. లోపలే పడిపోయార్ట, పాపం."

ఆ తీసుకొచ్చింది నేనే. లైబ్రేరియన్ గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈలోపు గుడివాడ నుంచి మా అత్తయ్య ఫోను. "ఎప్పుడు జరిగిందే తల్లీ? మా అన్నయ్య మొహమైనా చూడనివ్వండే, బస్సెక్కుతున్నా!" అని ఒకటే ఏడుపు. చావు కబురు చల్లగా చెప్పాలంటారు, మా ఊళ్లో అది పొగలు కక్కుతూ చేరుతుంది. నాకంటే ముందు గుడివాడకి చేరింది.

స్కూటీ ఎలా నడిపానో తెలియదు. లైబ్రరీ మెట్ల కింద చెప్పులు గుట్టగా పడున్నాయి. వరండా నిండా నాన్న స్నేహితులు, పాత ఆఫీసువాళ్లు, ఎదురుకొట్టు వాళ్లు. ఇంటివాళ్లు రాకుండా లోపలికి వెళ్లడం బాగోదని బయటే ఆగారట. ఒకాయన చేతిలో చామంతి దండ. ఇంకొకాయన నా దగ్గరికొచ్చి మెల్లిగా, "బండికి చెప్పేశానమ్మా, నువ్వేం కంగారుపడకు" అన్నారు. అందరూ పక్కకి జరిగి నాకు దారి ఇచ్చారు. ఆ దారి ఇవ్వడంతోనే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెనకగది తలుపు తోశాను. నాన్న తల కుర్చీ వీపు మీదికి వాలిపోయి ఉంది. కళ్లు మూసుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని ఉన్నారు.

"నాన్నా!" అని భుజాలు పట్టుకుని కుదిపేశాను.

"అబ్బ, ఉండవే!" అని కసురుకున్నారు. "ఆ అమ్మాయి పెళ్లికి ఒప్పుకుందో లేదో ఇప్పుడే తెలియబోతుంటే!"

నేను నేల మీద కూలబడి భోరున ఏడ్చేశాను. మూల కూర్చుని పుస్తకాలకి నంబర్లు అంటిస్తున్న లైబ్రేరియన్ గారు జిగురు చేతులతో లేచి నిలబడ్డారు.

"ఎవరు పెట్టమన్నారండీ మీకు ఆ శ్లోకాలు?" అని అరిచాను.

"కొత్త స్పీకరు పనిచేస్తుందో లేదోనని, బయట పెట్టి వచ్చానమ్మా. మొదట దేవుడిదైతే శుభమని..." అంటూనే ఆయనకి వెలిగింది. మొహం పాలిపోయి, కట్టెయ్యడానికి పరిగెత్తారు.

నేను ఏడుస్తూనే నాన్నకి జరిగింది చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నా భుజం పట్టుకుని వరండాలోకి వచ్చారు. దండ తెచ్చినాయన దాన్ని గబుక్కున వీపు వెనక దాచారు.

"ఎవరెవరొచ్చారమ్మా?" అన్నారు నాన్న.

నేను ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ వెళ్లాను. ప్రతి పేరుకీ ఆయన తల ఊపారు.

"నీకేమైందోనని పరిగెత్తుకొచ్చాంరా," అన్నారు దండ తెచ్చినాయన.

"నాకు కళ్లు పోయి ఇంట్లో కూర్చుంటే మీలో ఒక్కడూ రాలేదురా," అన్నారు నాన్న. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. "రోడ్డు మీద ఏ బండి ఆగినా మీలో ఎవరో అనుకునేవాణ్ణి."

పొద్దుటి నుంచీ తిన్న దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆయన బళ్ల చప్పుడు వింటున్నది కాలక్షేపానికనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

నాన్న వెనక్కి తిరిగారు.

"పోయాక రావడం ఇవాళతో అయిపోయిందిగా. నిజంగా పోయినప్పుడు రాకపోయినా పర్లేదు. ఈలోపు రండి," అని, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయారు.