బాస్కెట్ కింద నిలబడనన్న అమ్మాయి

నేను ఒకప్పుడు మా ఊరి కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌ని అని చెబితే మా ఆవిడ ఇప్పటికీ పక్కకి తిరిగి నవ్వుకుంటుంది. నవ్వదా మరి? నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, అదీ బూట్లతో కలిపి.

మా ఊరంటే ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్. ఇక్కడి మనవాళ్ళలో సగం మంది ఐటీ, మిగతా సగం మంది ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఐటీ. నేను రెండో సగం. గురువారం సాయంత్రాలు ఆఫీసువాళ్ళతో లీజర్ సెంటర్‌లో ఆడుతుంటే, పక్క కోర్టులో అమ్మాయిలకి ప్రాక్టీస్ చేయిస్తున్న కోచ్ నన్ను చూసి, "నీకు రూల్స్ బాగా తెలుసే, మాకు సాయం చేస్తావా?" అంది. యార్క్‌షైర్ నుంచి వచ్చిన ఆరడుగుల మనిషి, గొంతు అంతకంటే పెద్దది. కాదనే ధైర్యం నాకు లేకపోయింది. జీతం లేని ఉద్యోగం. బంతులకి గాలి కొట్టాలి, నీళ్ళ సీసాలు నింపాలి, అవతలి జట్టు ఫౌల్ చేస్తే కోచ్ కంటే ముందు నేను అరవాలి. మూడోది నాకు వెన్నతో పెట్టిన విద్య.

అది సిక్స్త్ ఫామ్ కాలేజీ. పదహారేళ్ళకి స్కూలు ముగించిన పిల్లలు వచ్చి రెండేళ్ళు మన ఇంటర్ లాంటి ఏ లెవెల్స్ చదువుకుని వెళ్ళిపోతారు. కాబట్టి ఎంత మంచి ఆటగత్తె దొరికినా రెండేళ్ళ ముచ్చటే. ఆ ఏడాది, అంటే రెండు వేల పదమూడు ప్రాంతంలో, మా జట్టులో ఉన్న ఒక్క పొడుగుపిల్లా యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. బాస్కెట్ దగ్గర నిలబడి బంతులు అందుకునే ఫార్వర్డ్ లేకపోవడంతో ఎవరితో ఆడినా చిత్తుగా ఓడిపోయాం. వచ్చే ఏడూ ఇదే తంతయితే జట్టుని ఎత్తేసి, ఆ జిమ్ టైము ఇంకెవరికైనా ఇచ్చేస్తామని ప్రిన్సిపాల్ చెప్పేసింది. దాంతో కోచ్, నేనూ ఫార్వర్డ్‌ని వెతుక్కుంటూ స్కూళ్ళ వెంట పడ్డాం.

మార్చిలో ఒక స్కూలు మ్యాచ్‌లో ఆ అమ్మాయి కనిపించింది. బాస్కెట్ కింద చేతులెత్తి నిలబడేది. ఎవరో బంతి అందించేవాళ్ళు, ఈ పిల్ల అలవోకగా లోపల వేసేది. హాఫ్‌టైమ్‌లో అందరూ కూర్చుని నారింజ ముక్కలు తింటుంటే తనొక్కతే ఓ మూలకి పోయి బంతిని కాళ్ళ మధ్య నుంచి అటూ ఇటూ తిప్పుకుంటోంది. నేను అది చూశాను. చూసి, "ఆరడుగులు ఉంటుందంటావా?" అని కోచ్‌ని అడిగాను. ఆట మళ్ళీ మొదలవగానే వెనక బెంచీల మీంచి, "కొట్టు బిడ్డా! ఎయ్యి దాన్ని లోపలికి!" అని కేక వినపడింది. తిరిగి చూస్తే చీర మీద కార్డిగన్, చెప్పుల్లో సాక్సు వేసుకున్న ఒక పెద్దావిడ.

"నీకు తెలిసినవాళ్ళా?" అంది కోచ్.

"తెలీదు. కానీ మావాళ్ళే" అన్నాను.

"అయితే ఇంక ఇది నీ బాధ్యత" అని చేతులు దులిపేసుకుంది.

నాకు అంతకంటే కావలసిందేముంది? రెండు వారాల్లో ఆ ఇంటి అడ్రసు, వాళ్ళది హన్మకొండ అన్న సంగతి, తండ్రి ఏ ఆఫీసులో పనిచేస్తాడో, అన్నీ కూపీ లాగాను. ఓ ఆదివారం కోచ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. సకినాలు, మురుకులు, టీ. కోచ్ మొదటి సకినం కొరికి, పళ్ళు ఊడలేదని తేల్చుకుని, తర్వాత వరసపెట్టి తింది. ఆ అమ్మాయి టీ కప్పులు తెచ్చిపెట్టి మేడ మెట్ల మీద కూర్చుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

తండ్రి మర్యాదస్తుడు. "ఆటలు మంచిదే అన్నా, కాదంటలేను. కానీ ఇది డాక్టర్ కావాలె. ఆడుకుంట తిరిగితే చదువు ఏమైతది?" అన్నాడు. తల్లికి వేరే భయం. "రాత్రిపూట వచ్చుడు ఎట్ల? మోకాలికి ఏమన్న అయితే ఎవరు చూసుకుంటరు?"

మ్యాచ్‌లో కేకేసిన పెద్దావిడ, ఆ పిల్ల నానమ్మ, మాత్రం సూటిగా నా వైపు తిరిగింది. "మీరు గెలుస్తరా, ఓడుతరా?"

"ఓడిపోతున్నామండీ. అందుకే మీ మనవరాలి కోసం వచ్చాం."

"గట్ల చెప్పు. నిజం చెప్పినవ్ బిడ్డా" అని ఇంకో రెండు సకినాలు నా ప్లేటులో వేసింది. ఆ ఇంట్లో నాకు మొదటి ఓటు అలా పడింది.

మిగతా ఓట్లకి నెల పట్టింది. తండ్రి దగ్గరికి కాలేజీ టైంటేబుల్ పట్టుకెళ్ళి, ప్రాక్టీస్ వల్ల ఏ క్లాసూ పోదని చూపించాను. తల్లికి మాట ఇచ్చాను, మ్యాచ్ ఎక్కడ జరిగినా మా ఆవిడా నేనూ మా కారులో ఇంటి గుమ్మం దాకా దింపుతామని. (మా ఆవిడకి ఈ సంగతి తర్వాత తెలిసింది.) చివరికి, "మా పెద్దన్నను ఒక్కమాట అడగాలె" అన్నాడు తండ్రి. పెద్దన్న హన్మకొండలో ఉంటారు. వీడియో కాల్‌లో ఆయన్నీ, మా కోచ్‌నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం.

"అవన్ని సరే. స్పోర్ట్స్ కోటల మెడికల్ సీటు వస్తదా, రాదా? అది చెప్పుండ్రి" అన్నారు ఆయన.

ఇక్కడ అలాంటి కోటా లేదు. ఆ ప్రశ్న ఇంగ్లీషులో చెప్పేసరికి కోచ్ కళ్ళు తేలేసింది. "ఆట ఆడేవాళ్ళకి డాక్టర్ సీటు ఎందుకిస్తారు?" అని నన్నే అడిగింది. నేను పెద్దన్నగారి వైపు తిరిగి, "టీములో ఆడినట్టు అప్లికేషన్‌లో రాసుకుంటే మంచి పేరుంటుంది అంటున్నారండీ" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన తలూపారు. నాకు ఆ రాత్రి విందుభోజనం చేసినంత హాయిగా నిద్ర పట్టింది.

"ఇంతకీ ఆ పిల్లని టీములోకి తీసుకుంటున్నారా, పిల్లకి సంబంధం కుదురుస్తున్నారా?" అంది మా ఆవిడ. నేను వినిపించుకోలేదు.

సంతకాల రోజు వచ్చింది. కాలేజీ అడ్మిషన్ ఫారం టీ బల్ల మీద పెట్టాం. తండ్రి తన పెన్ను మూత తీసి కూతురి చేతికిచ్చాడు. నానమ్మ ముందే స్వీటు డబ్బా తెరిచి పెట్టుకుంది. ఆ అమ్మాయి పెన్ను బల్ల మీద పెట్టేసి, "నో, థ్యాంక్స్" అంది.

ఆ పిల్లకి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది కానీ మాట్లాడటం ఇంగ్లీషులోనే, అదీ అచ్చం ఈ ఊరి యాసలో. చాలా నెమ్మదిగా అడిగింది. "మీరందరూ కలిసి డాడీని అడిగారు, మమ్మీని అడిగారు, ఇండియాలో ఉన్న పెద్దనాన్నని కూడా అడిగారు. నన్ను ఎవరైనా అడిగారా?" అని వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

కోచ్ నా వైపు తిరిగింది. "నువ్వు అడగలేదా?"

"నువ్వు అడిగావనుకున్నాను" అన్నాను.

"ఇది నీ బాధ్యత అని ఆ రోజే చెప్పానుగా!"

నాకు ఒళ్ళు మండింది. ముందు కోచ్ మీద, తర్వాత నా మీద. నెల రోజులు ఆ ఇంటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. నాకు టీ తెచ్చిచ్చిన మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. నానమ్మ స్వీటు డబ్బా మూత పెట్టేస్తూ, "పో బిడ్డా, పోయి ఇప్పుడన్న అడుగు" అంది.

ఇంటి వెనక గరాజు గోడకి ఒక రింగు బిగించి ఉంది. ఆ అమ్మాయి దాని వైపు చూడను కూడా చూడకుండా, గచ్చు మీద బంతి కొట్టుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. "ఆట ఇష్టం లేదా అమ్మా?" అన్నాను.

"ఆటంటే ప్రాణం అంకుల్" అంది. "కానీ ఇయర్ సెవెన్ నుంచి, పదకొండేళ్ళప్పటి నుంచి, అందరూ నన్ను బాస్కెట్ కింద నిలబెట్టి చేతులెత్తమంటారు. బంతి ఎవరో తెస్తారు, నేను వేస్తాను, అంతే. నాకు బంతి తీసుకెళ్ళాలని ఉంటుంది. ఎవరూ తీసుకెళ్ళనివ్వరు. మీరు మా ఇంటికి ఇన్నిసార్లు వచ్చారు కదా, వచ్చిన ప్రతిసారీ నా నడినెత్తి వైపే చూశారు. ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు."

నాకు సిగ్గేసింది. హాఫ్‌టైమ్‌లో మూలన బంతి తిప్పుకుంటూ కనిపించింది కదా, అప్పుడే తెలియాల్సింది నాకు. ఉన్నమాట చెప్పేశాను. విజయవాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నాకు ఫార్వర్డ్‌గా ఆడాలని పిచ్చి. మొదటి రోజు వెళ్ళి బాస్కెట్ కింద నిలబడితే మా పీడీ సార్ విజిల్ తీసి మరీ నవ్వారు. "ఒరే, నువ్వు బంతి తెచ్చి ఆ పొడుగోళ్ళకిచ్చి పక్కకి తప్పుకో, చాలు" అన్నారు. నాలుగేళ్ళూ తెచ్చి ఇచ్చాను, తప్పుకున్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వింది. నెల రోజుల్లో ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. "అయితే మీకు బంతి కొట్టడం బాగా వచ్చా?" అని అడిగింది.

"అదొక్కటే వచ్చు. నన్ను దాటుకుని వెళ్ళు చూద్దాం."

వచ్చింది. బంతి లాక్కున్నాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ లాక్కున్నాను. ఆమె బంతి నడుముకి పైన ఎగురుతోంది, నాలాంటి పొట్టివాడికి అది వడ్డించిన విస్తరి. మోకాలి కంటే కిందే ఉంచాలని, నడుం వంచి కొట్టాలని చూపించాను. మూడోసారి నన్ను బోల్తా కొట్టించి వెళ్ళిపోయింది. వెనక చప్పట్లు వినపడి చూస్తే వంటింటి కిటికీలో నానమ్మ, తలుపు దగ్గర కోచ్.

"నాకు కావలసింది ఫార్వర్డ్" అంది కోచ్ మొండిగా.

"ఫార్వర్డ్‌గానే ఆడతాను. కానీ రింగుకి తగిలి వెనక్కొచ్చిన రీబౌండ్ నేను పట్టుకుంటే, ఆ బంతి అవతలి దాకా నేనే తీసుకెళ్తాను. ఇంకెవరికీ ఇవ్వను" అంది అమ్మాయి.

"పోగొట్టుకుంటే?" అంది కోచ్.

"వెనక్కి పరిగెత్తి నేనే తెచ్చుకుంటాను."

"సరే" అంది కోచ్. ఆ పిల్ల లోపలికి వెళ్ళి, బల్ల మీది పెన్ను తనే తీసుకుని, తనే సంతకం పెట్టింది. నానమ్మ మళ్ళీ డబ్బా మూత తీసింది.

మొదట్లో బంతి పోగొట్టుకుంది, అలాగిలాగ కాదు. వారానికోసారి ప్రాక్టీస్‌కి అరగంట ముందు వచ్చి నాతో బంతి కొట్టేది. అయినా మ్యాచ్‌లో సగం దూరం పోయేసరికి అవతలివాళ్ళు ఎగరేసుకుపోయేవాళ్ళు. కోచ్ నా వైపు గుర్రుగా చూసేది, నేను నీళ్ళ సీసాలు సర్దుకుంటున్నట్టు నటించేవాణ్ణి. కానీ మాటకి నిలబడింది, పోయిన ప్రతి బంతికీ వెనక్కి పరిగెత్తింది. క్రిస్మస్ ముందు ఒక మ్యాచ్‌లో ఎగిరి రీబౌండ్ పట్టుకుని, నడుం వంచి, అడ్డం వచ్చిన వాళ్ళందరినీ దాటుకుంటూ కోర్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెళ్ళి తనే వేసింది. నేను ఏమని అరిచానో నాకే తెలియదు. రిఫరీ వచ్చి కూర్చోమన్నాడు. "ఆయనెందుకు కూసుంటడు, నువ్వు కూసో!" అని నానమ్మ వెనక నుంచి తెలుగులో రిఫరీ మీదే ఎగిరింది. ఆ ఏడు జట్టు నిలబడింది. ఆ మరుసటి ఏడు గెలిచిన మ్యాచ్‌లే ఎక్కువ.

రెండేళ్ళూ అలాగే గడిచిపోయాయి. ఆగస్టులో రిజల్ట్స్ వచ్చాయి. డాక్టర్ కాదు కానీ ఫిజియోథెరపీలో సీటు వచ్చింది. అది స్పోర్ట్స్ కోటాలోనే వచ్చిందని పెద్దనాన్నగారు హన్మకొండంతా చెప్పుకున్నారట, మేమెవరం కాదనలేదు. జెర్సీ తిరిగి ఇచ్చేయడానికి ఆ అమ్మాయి ఓ సాయంత్రం జిమ్‌కి వచ్చింది. నేను ఒక్కణ్ణే బంతులకి గాలి కొట్టుకుంటూ కూర్చున్నాను. వెళ్ళిపోతుందంటే మనసు అదోలా ఉంది. బంతుల్లోంచి ఒకటి తీసుకుని నేల మీద రెండుసార్లు కొట్టి, నా వైపు చూసి, తనకొచ్చిన తెలుగులో అడిగింది.

"అంకుల్, మీకు ఎక్కడ ఆడాలని ఉంది?"

నలభై దాటిన నన్ను ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు. చెయ్యి చాపి బాస్కెట్ కిందకి చూపించాను.

"అయితే వెళ్ళండి."

వెళ్ళి నిలబడ్డాను. చేతులెత్తాను. ఆ పిల్ల అవతలి చివర నుంచి బంతిని మోకాలి కింద కొట్టుకుంటూ తెచ్చి నాకు అందించింది. బాస్కెట్ వైపు తిరిగి వేశాను. రింగుకి తగిలి బయటికి వచ్చేసింది. తనే ఎగిరి పట్టుకుంది, మళ్ళీ బంతి కొట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది.

"చేతులు దించకండి అంకుల్" అంది.

దించలేదు.