చల్లారిన పొయ్యికి ఇంగ్లీషు మాట

మా ఇంగ్లీషు అయ్యవారు పోయారు. పొద్దున్నే మజ్జిగ తాగి, అరుగు మీద పత్రిక చదువుతూ, ఒక వాక్యం మీద వేలు పెట్టుకుని అట్లాగే పక్కకు ఒరిగిపోయారట. ఆ వాక్యంలో ఏదో తప్పు కనిపించి ఉంటుందన్నాను నేను. ఏడుస్తున్న ఆయన ఇంటామె కూడా ఆ మాటకు తలూపింది. ఎమ్మిగనూరులో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఉన్నారు, తిట్లు తిన్నవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. నేను అదే బడిలో తెలుగు పండితుణ్ణి, ఆయనతో ఏళ్ళ తరబడి పోట్లాడినవాణ్ణి. ఆ హక్కుతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన మృదుస్వభావి అని రాస్తే ఊరంతా నవ్వుతుంది. మనిషి గొడ్డుకారం. ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు ఉండేది. దాన్ని విప్పగా చూసినవాళ్ళు తక్కువ. బల్ల మీద కొట్టడానికి, గోడ మీద గీత గీయడానికి, ఎవరైనా అబద్ధం చెబుతుంటే వాళ్ళ వైపు చూపించడానికి అది పనికొచ్చేది. మిగతా అయ్యవార్లు పండితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం నామోషీగా భావించే రోజుల్లో, ఆయన మాత్రం తన కుర్చీ వదిలి వచ్చి నా బల్ల మీద కూర్చునేవారు. ప్రేమతో కాదు, వాదించడానికి.

ఆయన పాఠం చెప్పే పద్ధతి ఒక్కటే. కొత్త మాట వస్తే అర్థం చెప్పేవారు కాదు. "ఈ మాట యాడుంటాది?" అని అడిగేవారు. ప్రతి మాటకూ ఒక ఇల్లుంటుందట. పిల్లవాడు లేచి ఆ ఇల్లు చూపించాలి. చూపించలేకపోతే, "పో, ఈదిలోకి పోయి చూసిరా" అని నిజంగానే బయటికి పంపేవారు. ఆయన క్లాసు జరుగుతున్నప్పుడు సగం క్లాసు బజార్లో తిరుగుతూ ఉండేది. హెడ్మాస్టరు ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆయన ఒకటే జవాబు చెప్పేవారు: "మాట ఉండే ఇల్లు తెలీకుండా మాట్లాడేవాడు సర్కారు కచేరీల్లో చేరతాడు సార్. నా పిల్లోళ్ళను ఆ పనికి తయారుచెయ్యను."

వానలు ముఖం చాటేసిన ఆ కాలంలో మేమింకా బళ్ళారి జిల్లాలో, మద్రాసు సర్కారు కింద ఉన్నాం. ఆస్పరి, ఆలూరు వైపు చేలల్లో విత్తనం మొలవలేదు. బక్కచిక్కిన పశువుల్ని నీళ్ళకోసం మాధవరం దాకా, తుంగభద్ర ఒడ్డుకు తోలుకుపోయారు. మా ఊళ్ళో నేసిన చీర కొనేవాడు లేక మగ్గాలు ఆగిపోయాయి. బడి పక్కనే ఉన్న మగ్గాల వీధిలో పగలంతా వినిపించే చప్పుడు లేకపోతే చెవుల్లో దిబ్బడ వేసినట్టుండేది. ఆదోని మండీల్లో మాత్రం జొన్న బస్తాలు గోడౌన్ల కప్పు దాకా ఉన్నాయి.

ఆ రోజుల్లోనే సర్కారు కాగితాల్లో ఒక మాట పదేపదే రావడం మొదలైంది. స్కేర్సిటీ. ఎక్కడా ఫ్యామిన్ అని లేదు. ఆయన పత్రిక పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఏమప్పా పండితుడా, ఈ రెండిటికీ మీ తెలుగులో ఏమంటారు?"

"రెండిటికీ కరువే" అన్నాను. "మాకు ఒక్క మాట చాలు. ఒక మాట వెనక ఇంకో మాట దాచుకునే అవసరం మీ ఇంగ్లీషువాళ్ళకే."

ఆయన గొడుగుతో బల్ల మీద కొట్టారు. "స్కేర్సిటీ అంటే దేనికని అడగాల. కిరసనాయిలుకా, నూలుకా, నీళ్ళకా? అది సరుక్కి వస్తాది. దాని ఇల్లు అంగడి. ఫ్యామిన్ను దేనికని అడగవు. అది నేరుగా మనిషికి వస్తాది. దాని ఇల్లు పొయ్యి. ఆదోని అంగట్లో సరుకుంది, ఈడ పొయ్యిలో నిప్పు లేదు. మరి దీన్ని ఏమనాల? స్కేర్సిటీ అంటే సర్కారు దయ తలిస్తే ఏదో చేస్తాది. ఫ్యామిన్ అని ఒప్పుకుంటే రూలు ప్రకారం గంజి పొయ్యాల, పని చూపించాల, తప్పించుకునేకి లేదు. అందుకే ఆ మాటంటే వాళ్ళకంత భయం."

ఆ వాదనలో నేను ఓడిపోయానని ఒప్పుకోను. కానీ ఆ తర్వాత మగ్గాల వీధిలో నడిచినప్పుడల్లా నా చూపు ఇళ్ళ కప్పుల మీద పొగ కోసం వెతికేది.

కొన్నాళ్ళకు పరిస్థితి చూడ్డానికి మద్రాసు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. అతనికి తెలుగు రాదు. మా ఊళ్ళో నిఖార్సైన ఇంగ్లీషు అయ్యవారిదే కాబట్టి మాట మార్చి చెప్పడానికి ఆయన్నే పిలిచారు. వెంట ఉన్న తాలూకా ఉద్యోగి ముందే చెవిలో వేశాడట: "అయ్యవారూ, జనం కరువంటే మీరు స్కేర్సిటీ అనండి చాలు. మనకెందుకొచ్చిన గొడవ." అయ్యవారు గొడుగు చంకలో పెట్టుకుని ముందుకు నడిచారు. ఆయన వాదించలేదంటేనే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఆయన ఉద్యోగం జిల్లా బోర్డు స్కూల్లో. ఒక్క కాగితం ముక్కతో ఎక్కడికైనా విసిరెయ్యవచ్చు.

నేనూ, ఊరివాళ్ళు కొందరూ వెంట నడిచాం. మగ్గాల వీధి మొదట్లో ఒక అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకూ కోడలూ పనికోసం బళ్ళారి వైపు పోతే, ఇద్దరు మనవరాళ్ళతో ఉంటున్న మనిషి. ఈ పొద్దు తిన్నారా అని అడగమన్నాడు అధికారి. అయ్యవారు అడిగారు. అవ్వ నెత్తిన కొంగు సర్దుకుంది.

"తిన్నాం నాయనా. మీరు తిన్నారా? రాండి, లోపలికి రాండి, కాళ్ళు కడుక్కోండి."

పక్కింటాయన కూడా తిన్నామనే అన్నాడు. ఆ పైఇంట్లోనూ అదే. మా సీమలో కొత్త మనిషి "తిన్నావా?" అంటే "తిన్నా" అనే చెప్పాలి. లేదంటే చెయ్యి చాచినట్టే. కడుపు కాలుతున్నా ఆ మర్యాద తప్పరు. వీధి వీధంతా కూడబలుక్కున్నట్టు తిన్నామంది. అధికారి మొహం తేలికపడింది. ఆదోనిలో సరుకుంది, ఇక్కడ అందరూ తిన్నారు, ఇది స్కేర్సిటీనే, ఫ్యామిన్ కాదు అని ఇంగ్లీషులో తేల్చేసి, అదే జనానికి చెప్పమన్నాడు.

అయ్యవారు జనం వైపు తిరగలేదు. వెనక్కి, అవ్వ గుమ్మం దగ్గరికి నడిచారు.

"అవ్వా, లోపలికి రమ్మన్నావు గదా. వస్తాం."

పిలిచినాక కాదనడానికి లేదు. అవ్వ మొహం పాలిపోయింది. ఆయన చెప్పులు విడిచి, అధికారిని వెంటబెట్టుకుని, మగ్గం గుంత దాటి నేరుగా పొయ్యి దగ్గరికెళ్ళి గొంతుక్కూర్చున్నారు. మేమంతా గుమ్మంలో నిలబడ్డాం. ఆయన పొయ్యిలో మణికట్టు దాకా చెయ్యి పెట్టారు. తర్వాత అధికారిని కూడా పెట్టమన్నారు. బూడిద చల్లగా, తేమ పట్టి గడ్డ కట్టి ఉంది. పక్కన చాటలో, తిండి లేనప్పుడు వేయించుకు తినే చింతగింజల పొట్టు మాత్రం ఉంది.

"ఇది స్కేర్సిటీ అని నాచేత చెప్పించలేరు సార్. ఆ మాట ఇల్లు ఆదోని మండీలో ఉంది. మీరు ఇప్పుడు ఫ్యామిన్ ఇంట్లో ఉన్నారు" అన్నారు ఇంగ్లీషులో. తాలూకా ఉద్యోగి దగ్గాడు. అధికారి బూడిద చెయ్యి రుమాలుకు తుడుచుకున్నాడు.

మాట్లాడింది అవ్వ. "పదిమందిలో నా పొయ్యి సూపిస్తివి గదప్పా" అని గోడకు ఆనుకుని ఏడ్చింది.

"సిగ్గు పడాల్సింది నువ్వు కాదవ్వా" అన్నారాయన. ఆమె ఆ మాట వినిపించుకోలేదు.

ఆ తర్వాత మగ్గాల వీధి చివర గంజి కేంద్రం తెరిచారు. అదే వారంలో అయ్యవారిని ఆలూరుకు బదిలీ చేశారు. రెండూ ఒకే సంతకంతో వచ్చాయని మేం చెప్పుకునేవాళ్ళం. ఒక క్షమాపణ ముక్క రాసిస్తే బదిలీ ఆపిస్తామని పెద్దమనుషులు కబురు పెట్టారు. "సారీ అనే మాట ఇల్లు నాకు తెలుసు. అది మా ఇల్లు కాదు" అని ట్రంకు పెట్టె బస్సు మీదికి ఎక్కించారు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, "ఆలూరోళ్ళకు మాత్రం ఇంగ్లీషు వద్దా అప్పా?" అని నామీదే కసురుకున్నారు.

గంజి వచ్చినా కాగితాల్లోకి ఆ మాట రాలేదు. చివరిదాకా స్కేర్సిటీ అనే రాసుకున్నారు. ఆయన దాన్ని చచ్చేదాకా క్షమించలేదు. ఉద్యోగ విరమణ చేసి ఎమ్మిగనూరుకు తిరిగొచ్చి, మగ్గాల వీధిలోనే ఇల్లు తీసుకున్నాక కూడా అరుగు మీద అదే పోట్లాట. "కడుపు నిండింది గదా, ఇంకెందుకీ పట్టుదల?" అన్నాను ఒకసారి. "పేరు పెట్టి పిలవనిదాన్ని, మళ్ళా వచ్చినప్పుడు ఎవడు గుర్తుపడతాడప్పా?" అన్నారు. ఇప్పుడు ఆ ప్రశ్న నా నెత్తిన పెట్టి పోయారు. సరే, నేనూ వదలను.

అవ్వ మాత్రం ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఎదురైతే కొంగు దించుకుని పక్కకు తిరిగేది. మొన్నటిదాకా అంతే.

మా దగ్గర శవం వీధి దాటేదాకా ఆ వీధిలో పొయ్యి రాజెయ్యరు. పోయిన మనిషికిచ్చే మర్యాద అది. ఆయన మాత్రం ఇంటామెతో ముందే చెప్పి ఉంచారట: "నేను పోయిననాడు ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరకూడదు. ఆరితే నేను లేవను." ఆ మాట బయటికి రాగానే పెద్దవాళ్ళు గొణిగారు. అనాచారమన్నారు. ఎవరికి వాళ్ళు మొహాలు చూసుకుంటున్నారు. అప్పుడు అవ్వ కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆయప్ప సెయ్యి పెట్టిన పొయ్యి నాది. ఈ పొద్దు అది సల్లగుంటే ఆయప్ప యాడికీ పోడు. ఎవరొచ్చి ఆర్పుతారో రాండి, సూస్తా" అంది.

లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది. కాసేపటికి పక్కింటి కప్పు మీద పొగ లేచింది, ఆ తర్వాత ఎదురింటి మీద. మేం పాడె ఎత్తేసరికి మగ్గాల వీధి అంతా పొగతో, ఉడుకుతున్న జొన్న సంగటి వాసనతో నిండి ఉంది. ఆ పొగలోంచే ఆయన్ను మోసుకుపోయాం. కళ్ళు మండాయి. పొగకో, మరి దేనికో.

శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి ఇంటికి పోతుంటే అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"పండితుడా, తిన్నావా?"

పుట్టిందగ్గర్నుంచీ అలవాటైన జవాబు నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగేశాను.

"లేదవ్వా. తినలేదు."

అవ్వ లేచి దారి ఇచ్చింది. లోపల పొయ్యి ముందు పీట వేసింది. ఆమె సంగటి ముద్ద పెట్టేలోగా, ఎందుకో తెలియదు, నా చెయ్యి పొయ్యి అంచున ఉన్న బూడిదలోకి పోయింది. వేళ్ళు చురుక్కుమన్నాయి.