గంట మేడం మరిచిపోయిన నాలుగు నిమిషాలు

ఆ బడిలో ఆవిడ ఉద్యోగం లైబ్రరీలో. పుస్తకాలివ్వడం, తిరిగొచ్చిన వాటిలో చిరిగిన పేజీలు అతికించడం ఆవిడ పని. కానీ చుట్టుపక్కల పది బడుల్లో ఎవర్నడిగినా ఆవిడ గంట మేడమే. చర్చా పోటీ ఎక్కడ జరిగినా స్టాప్‌వాచీ, చిన్న ఇత్తడి గంటా ముందు పెట్టుకుని న్యాయనిర్ణేతల పక్కన కూర్చునేది ఆవిడే. మూడో నిమిషానికి ఒకసారి, నాలుగో నిమిషానికి రెండుసార్లు కొట్టేది. ఆ తర్వాత మాట నోట్లో ఉన్నా మింగెయ్యాల్సిందే. సొంత బడి పిల్లలని కూడా చూసేది కాదు. ఇంట్లోనూ ఇదే వరస. బస్సు నడిపే వాళ్ళాయన డిపో కబుర్లు సాగదీస్తే గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించేది. "నాకింకా ఒక నిమిషం ఉంది" అని ఆయన వాదించేవాడు. ఉండేది కాదు.

పోటీలకు పిల్లల్ని తయారుచేసేదీ ఆవిడే. ముందు ఎదుటివాళ్ళ వాదన రాయమనేది. అదీ ఎలా? వాళ్ళే చూసి "అబ్బ, మాకన్నా బాగా రాశారే" అనుకునేలా. ఆ తర్వాతే మన జవాబు. వేలు చూపించకూడదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే పక్కవాళ్ళతో ఇకిలించకూడదు. ఫలితం చెప్పకముందే వెళ్ళి చేయి కలపాలి. "చెప్పాక కలిపితే గెలిచినవాళ్ళకి గొప్ప, ఓడినవాళ్ళకి ఏడుపు. ముందే కలిపెయ్యండర్రా" అనేది.

ఆ ఏడు ఆవిడ చేతికి చిక్కింది తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె. హాజరు పలికితే టీచరుకే వినపడదని తోటివాళ్ళు ఆ పిల్లకు గుసగుస అని పేరు పెట్టారు. గంట మేడం ఆ పిల్లను లైబ్రరీ గుమ్మంలో నిలబెట్టి, తాను ఆ చివర అట్లాసుల బీరువా పక్కన నిలబడి, "వినపడలేదు" అంటూ ఉండేది. మూడు నెలలకు వినపడింది. కాకపోతే ఇంకో చిక్కు వచ్చిపడింది. ప్రసంగంలో చివరి పేరా నాలుగు నిమిషాల్లో ఇమడదు. "అందుకని" అనగానే ఠంచనుగా గంట మోగేది.

"కాస్త కుదించవే తల్లీ."

"ఇంకెక్కడైనా కుదిస్తాను మేడం. నేను చెప్పాలనుకున్నదే అది."

"అయితే ముందే చెప్పు."

"ముందు చెబితే ఎవరికీ అర్థం కాదు."

మొండిఘటం! ఒకచోట రెండు వాక్యాలు కొట్టేసి ఇంకోచోట మూడు చేర్చేది. పోటీ రోజుదాకా లెక్క "అందుకని" దగ్గరే ఆగింది. ఆ పేరా ఏమిటో గంట మేడం ఒక్కసారి కూడా వినలేదు.

ఆ బడికి కప్పు వచ్చి పన్నెండేళ్ళయింది. ఈసారి ఫైనల్‌కు చేరారు. "మా పిల్లలున్నారు, గంట ఇంకెవరికైనా ఇవ్వండి" అని ఆవిడ బల్ల దగ్గర్నించి లేచింది. అవతలి బడి లెక్కల మాస్టారు నవ్వి, "మా గడియారం కంటే మీ గంట మీదే మాకు నమ్మకం. కూర్చోండి మేడం" అన్నారు.

పరీక్షలు రద్దు చేయాలా వద్దా అన్నది విషయం. వద్దన్న పక్షాన, అందరికన్నా చివర, గుసగుస లేచింది. మొదటి మాట పడగానే గంట మేడం కళ్ళు అలవాటుకొద్దీ హాలు చివరికి పోయాయి. వెనక గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ తలూపాడు. అంతదాకా వినపడుతోంది! ఆవిడ చెంపన చెయ్యి చేర్చుకుని వినసాగింది. పిల్ల "అందుకని" దగ్గరకొచ్చి, గంట కోసం క్షణం ఆగింది. మోగలేదు. ముందుకు సాగింది.

"అందుకని పరీక్షలు ఉండాలి. క్లాసులో చెయ్యెత్తలేని నాలాంటి వాళ్ళు జవాబు చెప్పే చోటు ఆ కాగితం ఒక్కటే. అదీ తీసేస్తే మేం ఎక్కడ మాట్లాడాలి?"

చప్పట్లు మోగాయి. గంట మేడం వాచీ వంక చూసింది. సున్నాలు. అసలు నొక్కనేలేదు. మూడో నిమిషం గంట కూడా మోగలేదని, పిల్ల మాటల్లో పడి ఎవరూ గమనించలేదు. నోరు మెదపకపోతే కప్పు మనదేనని మనసు పీకింది. పన్నెండేళ్ళాయె!

అంతలో గుసగుస బల్ల దాటి వెళ్ళి అవతలి పిల్లలతో చేతులు కలుపుతోంది. నేర్పిన పాఠం నేర్పినట్టు. గంట మేడం లేచి నిలబడింది.

"తప్పు నాది. వాచీ నొక్కడం మరిచిపోయాను. 'అందుకని' దగ్గరికే ఆ అమ్మాయి నాలుగు నిమిషాలూ అయిపోయాయి."

న్యాయనిర్ణేతలు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. గంట మోగకపోవడం పిల్ల తప్పు కాదు కాబట్టి మార్కులు కోయలేదు. ఆ చివరి పేరాను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఒక్క మార్కు తేడాతో కప్పు అవతలికి పోయింది. లెక్కల మాస్టారు కప్పుకంటే ముందు ఆవిడ దగ్గరికొచ్చి దండం పెట్టారు.

మెట్ల దగ్గర గుసగుస కనపడగానే ఆవిడ ఎదురెళ్ళింది.

"నా వల్లే పోయింది తల్లీ. తిట్టుకో."

పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "మేడం, వాచీ నొక్కడం మీరు నిజంగానే మరిచిపోయారా? మీరా?"

"నువ్వు మొదలెట్టాక ఇంకేమీ గుర్తులేదే."

"చివరిదాకా విన్నారా?"

"ఒక్క అక్షరం వదల్లేదు."

ఆ పిల్ల ఏడుస్తుందేమోనని చూసింది గంట మేడం. ఎక్కడ? గుసగుస వెనక్కి తిరిగి, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ, కింద ఉన్న తన జట్టుకు కేకేసింది.

"ఒరేయ్, గంట మేడం గంట మరిచిపోయింది నా స్పీచికేరా!"

గేటు దగ్గరున్న వాచ్‌మన్ కూడా తిరిగి చూశాడు.