వంటగదికి అడ్డొచ్చిన బండ

పందొమ్మిది వందల ఇరవైలలో, మా పెళ్లయిన కొత్తలో, మా ఆయన అరకు లోయలో ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు అమ్మే దుకాణం పెట్టారు. మైదానం నుంచి కొండెక్కిన మాకు ఆ ఒక్క గదే దుకాణమూ, ఇల్లూ. నేను మూలన పోపు పెడితే బేరానికి వచ్చినవాళ్లు దగ్గుకుంటూ బయటికి పోయేవారు. వెనక వంటగది వేసుకుందామనుకున్నాం. కానీ పునాది తియ్యాల్సిన చోట, పడుకున్న గేదె అంత బండ ఉంది.

మా ఆయన సుత్తి పట్టుకుని దాని మీద పడ్డారు. నాలుగు పెచ్చులు ఊడాయి, ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కింటి కొండరైతు భార్య కంచె మీదుగా చూసి నవ్వింది. అక్కలాంటిదని నేను ఆమెను అప్పా అని పిలిచేదాన్ని.

"ఏటి సావుకారూ, ఏటి సేత్తన్నావు? మా పోడులో బండకి మంటెట్టి నీళ్లు పోత్తాం."

"రాయి కాలుతుందా అప్పా?" అన్నాను.

"కాలదు. బెదురుతాది."

మర్నాడు అప్పా, వాళ్లాయనా ఎండు దుంగలు మోసుకొచ్చారు. బండ చుట్టూ, పైనా పేర్చి నిప్పంటించారు. ఆమె రాగులతో కాచిన చోడి అంబలి తెచ్చింది, నేను పకోడీలు వేశాను. సాయంత్రం దాకా మంట ఎగదోస్తూ, తింటూ, కబుర్లు చెప్పుకున్నాం.

బండ బాగా కాగాక మా ఆయన దూరంగా నిలబడి చెంబుతో కాసిని నీళ్లు చిలకరించారు. సుయ్యిమంది, అంతే.

"పోపెడతన్నావేటి?" అంది అప్ప. పొడుగాటి కర్రతో నిప్పులు పక్కకి లాగేసింది. మిగతా ముగ్గురం వాగులో ముంచి తెచ్చిన కుండలు ఒక్కసారే గుమ్మరించి వెనక్కి పరిగెత్తాం. ఆవిరిలోంచి ఠప్పుమని చప్పుడు. మా ఆయన బురదలో చతికిలబడ్డారు. లేచి చూస్తే బండ ఈ కొస నుంచి ఆ కొస దాకా చీలిపోయి ఉంది. ఆయన బురద తుడుచుకోవడం కూడా మరిచిపోయి నవ్వారు.

గునపం పెట్టి విడదీస్తే లోపలంతా దానిమ్మ గింజల్లాంటి ఎర్ర రాళ్లు. "కెంపులే" అంటూ మా ఆయన గుప్పెడు పంచె కొంగున కట్టుకుని, సరుకుకి పార్వతీపురం వెళ్లినప్పుడు కంసాలికి చూపించారు.

"ఏటన్నాడండీ?" అని అడిగాను.

"కాళ్లు రుద్దుకోడానికి బాగుంటాయన్నాడు."

పగిలిన ఆ బండ పలకలతోనే వంటగది అరుగు కట్టించాం. వానాకాలంలో రాళ్లను పరిశీలించే ఉద్యోగి ఒకాయన తడుస్తూ వచ్చి, లోపలికి పిలిస్తే ఆ అరుగు మీదే కూర్చున్నాడు. ఇదంతా ఒకప్పుడు మట్టేనని చెప్పాడు. భూమి లోతుల్లోకి దిగిపోయి, పైన కొండల బరువుకి నలిగి, కింది వేడికి ఉడికి, కరిగిపోకుండానే మారిపోయిందట. ఆ ఒత్తిడిలోనే ఎర్ర గింజలు పెరిగాయట.

ఉప్పుకి వచ్చిన అప్ప విని, "అంత నిప్పు ఓర్సింది మా కుండ నీళ్లకి పగిలిపోనాదేటి?" అంది.

"అక్కడ నాలుగు వైపులా అదిమిపెట్టి ఉంది, నిదానంగా చల్లారింది. మీరు పైపొరని ఒక్కసారే చల్లార్చారు. పైది ముడుచుకుంది, లోపలిది ముడుచుకోలేదు. రెండింటి పెనుగులాటలో చీలింది."

"అత్తా కోడళ్లలాగ," అంది అప్ప. ఆయన నవ్వి, అది ఇంకా బాగా చెప్పినట్టయిందన్నాడు.

ఆ తర్వాత మా ఆయన సంతకొచ్చిన వాళ్లనల్లా లోపలికి పిలిచి, "మట్టిని వండితే ఇదయింది" అని అరుగు చూపించేవారు. నేను పొయ్యి దగ్గర అట్లు వేస్తూ వినేదాన్ని. చూడవచ్చిన వాళ్లు అట్టు తిని గాని కదిలేవారు కాదు.